లెమన్ మెరాంగ్ పై: మన నిమ్మకాయలతో, మన ఓటీజీలో చేయడం గురించి

విశాఖ_వంటిల్లు

అందరికీ నమస్కారం. ఆగస్టులో మా అమ్మాయి పుట్టినరోజుకు కేకు బదులు లెమన్ మెరాంగ్ పై చేయాలని అనుకుంటున్నాను. అంటే క్రస్ట్ అనే కాల్చిన పిండి గిన్నెలో పుల్లటి నిమ్మ మిశ్రమం పోసి, పైన మెరాంగ్ అనే తెల్లసొన, పంచదార నురగ వేసి కాల్చే వంటకం. నా దగ్గర ఉన్నది అమెరికా కొలతలతో రాసిన పద్ధతి. తొమ్మిది అంగుళాల పళ్ళెం, నాలుగు పెద్ద గుడ్లు, మూడు లెమన్ల నుంచి తీసిన అరకప్పు రసం, కప్పుంపావు పంచదార, మూడోవంతు కప్పు కార్న్‌ఫ్లోర్, ఒకటిన్నర కప్పుల నీళ్ళు అని అందులో ఉంది. వాళ్ళు చెప్పే లెమన్ మందపాటి తొక్క ఉన్న పెద్ద పసుపు కాయ. మనకు బజారులో దొరికేది పల్చటి తొక్క ఉన్న చిన్న నిమ్మకాయ, దాని పులుపు కూడా వేరు. మన గుడ్లు వాళ్ళ గుడ్లకంటే చిన్నవి. నాకున్నది మామూలు ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్. పైగా ఆగస్టులో విశాఖపట్నం గాలిలో ఉండే తేమ గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు. వచ్చేవారిలో కొందరు గుడ్డు తినరు కనుక వారికి విడిగా ఒక చిన్నది చేయాలి. ఈ లెక్కలన్నీ మన వంటింటికి తగినట్టు ఎలా మార్చుకోవాలో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

ఫ్లోరిడా_తెలుగు

నమస్కారమండీ. మీరు మన నిమ్మకాయను లెమన్‌కు ప్రత్యామ్నాయంగా చూస్తున్నారు కానీ, నిజానికి ఆ కాయకు ఈ తరహా వంటకంలో సొంత చరిత్రే ఉంది. ఇక్కడ ఫ్లోరిడా దక్షిణపు కొసన ఉన్న కీస్ దీవుల పేరుమీద ప్రసిద్ధమైన కీ లైమ్, మన కాగ్జీ నిమ్మ ఒకే జాతి. ఈ కాయ ఆసియాలో పుట్టి, అరబ్బుల ద్వారా మధ్యధరా ప్రాంతానికి, అక్కడి నుంచి స్పానిష్ వారి ద్వారా కరీబియన్ దీవులకు, ఆపై ఫ్లోరిడాకు చేరింది. అంటే కీ లైమ్ పై చేయడానికి కావలసిన అసలైన కాయ మీ వీధి చివరి బండి మీదే ఉంది. మేము ఇక్కడ దాని కోసం వెతుక్కోవలసి వస్తోంది. 1926లో మయామీని దెబ్బతీసిన తుపాను తర్వాత ఈ ప్రాంతంలో కీ లైమ్ తోటల స్థానంలో ముళ్ళు, గింజలు లేని పర్షియన్ లైమ్ వేశారు. ఇప్పుడు అంగళ్ళలో సంచుల్లో దొరికే చిన్న కాయలు చాలావరకు మెక్సికో నుంచి వస్తాయి.

ఆ దీవులలో ఒకప్పుడు తాజా పాలు అరుదు కనుక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్‌తోనే ఈ వంటకం రూపుదిద్దుకుంది. పచ్చసొన, కండెన్స్‌డ్ మిల్క్, నిమ్మరసం కలిపితే రసంలోని ఆమ్లానికి పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి గట్టిపడి మిశ్రమం దానంతట అదే చిక్కబడుతుంది. మిగిలిన తెల్లసొనతో పైన మెరాంగ్ వేయడం కీ వెస్ట్‌లో ఇప్పటికీ ఉంది, మీగడ నురగ వేసేవారూ ఉన్నారు. 2006లో ఫ్లోరిడా దీనిని రాష్ట్ర అధికారిక పై గా ప్రకటించింది. మొదటిసారి చేసేవారు కార్న్‌ఫ్లోర్ పద్ధతికంటే కండెన్స్‌డ్ మిల్క్ పద్ధతిని ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. నాలుగు వందల గ్రాముల డబ్బా ఒకటి, నాలుగు పచ్చసొనలు, 120 మిల్లీలీటర్ల నిమ్మరసం బాగా కలిపి, ముందే కాల్చిన బిస్కెట్ క్రస్ట్‌లో పోసి, 175 డిగ్రీల సెల్సియస్ వద్ద పదిహేను నిమిషాలు ఉంచితే చాలు.

రసాయనం_మాస్టారు

ఫ్లోరిడా మిత్రుల సూచన సులువైనదే కానీ, అడిగినది లెమన్ మెరాంగ్ పై గురించి. కండెన్స్‌డ్ మిల్క్‌తో వచ్చేది పాల రుచి కలిసిన మెత్తటి ముద్ద. కార్న్‌ఫ్లోర్‌తో వచ్చేది అద్దంలా మెరుస్తూ, నిమ్మ వాసన సూటిగా తగిలే మిశ్రమం. మీద పడే తియ్యటి నురగకు ఈ రెండోదే సరైన జోడు అని నేను నమ్ముతాను. అది కష్టం అని పేరుపడటానికి కారణం మూడు విషయాలు తెలియకపోవడమే, అవి తెలిస్తే భయపడవలసినది ఏమీ లేదు.

మొదటిది పిండి పదార్థం ఉడకడం. కార్న్‌ఫ్లోర్ రేణువులు 62 నుంచి 72 డిగ్రీల మధ్య నీరు పీల్చుకుని ఉబ్బడం మొదలుపెడతాయి. కానీ పంచదార ఎక్కువగా ఉన్నచోట ఆ నీటి కోసం పంచదార కూడా పోటీపడుతుంది కనుక ఇంకా ఎక్కువ వేడి కావాలి. అందువల్ల మిశ్రమం చిక్కబడగానే దించేయకూడదు, పెద్ద పెద్ద బుడగలు పైకి వచ్చి పగిలేదాకా ఉంచాలి.

రెండవది, చాలామంది పట్టించుకోనిది, పచ్చసొనలో ఉండే ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైము. ఇది పిండి పదార్థాన్ని ముక్కలు చేస్తుంది. పచ్చసొన కలిపాక గుడ్డు విరిగిపోతుందేమోనని భయపడి వెంటనే మంట ఆపేస్తే ఆ ఎంజైము బతికే ఉంటుంది. రాత్రి చక్కగా గడ్డకట్టినట్టు కనిపించిన మిశ్రమం మర్నాటికి పల్చబడి పళ్ళెంలో పారడానికి కారణం ఇదే. పిండి పదార్థం, పంచదార ఉన్న మిశ్రమంలో పచ్చసొన అంత సులువుగా విరగదు. కనుక ధైర్యంగా, గరిటె ఆపకుండా తిప్పుతూ, పచ్చసొన కలిపిన తర్వాత కూడా పూర్తిగా ఒక నిమిషం పైన కుతకుత ఉడకనివ్వండి.

మూడవది నిమ్మరసం. పిండి పదార్థాన్ని ఆమ్లంతో కలిపి ఎక్కువసేపు మరిగిస్తే దాని గొలుసులు తెగి చిక్కదనం పోతుంది. కనుక రసాన్ని మొదటే పోయకుండా, పచ్చసొన ఉడికి గిన్నె దించిన తర్వాత, వెన్నతోపాటు కలపాలి. ఇలా చేస్తే రసంలోని సువాసన కూడా ఆవిరైపోదు.

గిన్నె విషయంలో ఒక్క మాట. అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి గిన్నెలు ఈ పనికి పనికిరావు. పులుపుకు లోహం కరిగి రంగు, రుచి రెండూ చెడతాయి. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె వాడండి.

గూడూరు_నిమ్మతోట

మాది నిమ్మతోటల ప్రాంతం కనుక కాయ గురించి మాత్రం చెబుతాను. జనవరి, ఫిబ్రవరి పూతకు నిలిచిన కాయ జూలై, ఆగస్టులలో కోతకు వస్తుంది కనుక మీరు అనుకున్న సమయంలో కాయ దండిగా, ఎండాకాలంకంటే చవకగా దొరుకుతుంది. ముదురు ఆకుపచ్చగా, గట్టిగా ఉన్న కాయ తీసుకోవద్దు. దానిలో రసం తక్కువ, తొక్కలో చేదు ఎక్కువ. లేత పసుపు తిరిగి, తొక్క నున్నగా, పల్చగా ఉండి, చేతిలో పెట్టుకుంటే పరిమాణానికి మించి బరువు తోచే కాయ రసం కాయ. తొక్క మీద గజ్జి తెగులు మచ్చలు ఉన్నా లోపలి రసానికి ఏమీ కాదు. అయితే తొక్క తురుముకోవడానికి మాత్రం మచ్చలేని కాయలు విడిగా ఎంచుకోవాలి.

నలభై, నలభై ఐదు గ్రాముల కాయ నుంచి పదిహేను, ఇరవై మిల్లీలీటర్ల రసం వస్తుంది. కాయల లెక్క చూసి చేయవద్దు, రసాన్ని కొలుచుకోండి. లెమన్ రసంలో ఆమ్లం ఐదారు శాతం ఉంటే మన నిమ్మలో ఆరు నుంచి ఎనిమిది శాతం దాకా ఉంటుంది. అందుచేత వాళ్ళు అరకప్పు, అంటే 120 మిల్లీలీటర్లు చెప్పినచోట మీరు వంద మిల్లీలీటర్లు పోసి, మిగిలిన ఇరవై నీళ్ళతో భర్తీ చేయండి. ఆరు లేదా ఏడు మంచి కాయలు సరిపోతాయి. కోసే ముందు కాయను అరచేతితో బల్లమీద నొక్కి దొర్లిస్తే రసం సులువుగా దిగుతుంది. పిండేటప్పుడు గింజలు నలగనివ్వకండి, ఆ చేదు పంచదారతో పోయేది కాదు.

తొక్క తురిమేటప్పుడు చాలామంది తెల్లటి పొర దాకా గీకేస్తారు. మన నిమ్మకు తొక్క పల్చన కనుక ఆ ప్రమాదం మరీ ఎక్కువ. సన్నటి తురుముడు పళ్ళ మీద కాయను ఒకచోట ఒక్కసారే లాగి, తిప్పుకుంటూ పోవాలి. నాలుగు కాయల తురుమును ముందుగా పంచదారలో వేసి వేళ్ళతో నలిపితే పంచదార తడిసినట్టు అయి నూనె వాసన గుప్పుమంటుంది. ఆ పంచదారనే ఉడకబెట్టండి.

హైదరాబాద్_బేకర్

మాస్టారు చెప్పిన మూడు విషయాలూ అక్షరాలా నిజం. నేను ఇంటి నుంచే ఆర్డర్లు తీసుకుని చేస్తాను కనుక కొలతలు తూకంలో ఇస్తాను. కప్పుల లెక్క నమ్ముకోవద్దు.

క్రస్ట్‌కు మైదా 180 గ్రాములు, గట్టిగా చల్లబడిన వెన్న 115 గ్రాములు, ఒక చెంచా పంచదార, మూడు నాలుగు పెద్ద చెంచాల ఐసు నీళ్ళు. బజారు వెన్నలో ఉప్పు ఉంటే వేరే ఉప్పు వేయకండి. వెన్నకు బదులు నెయ్యి వేయవచ్చా అని చాలామంది అడుగుతారు. నెయ్యిలో నీరు ఉండదు కనుక పొరలు విచ్చుకోవు, నానఖటాయిలా పొడిపొడిగా రాలే క్రస్ట్ వస్తుంది. అది రుచికి బాగానే ఉంటుంది కానీ ముక్క కోసినప్పుడు నిలబడదు. మన వాతావరణంలో అసలు సమస్య వెన్న చేతిలోనే కరిగిపోవడం. గిన్నె, మైదా, చివరికి అప్పడాల కర్ర కూడా ఫ్రిజ్‌లో పెట్టుకుని, ఉదయం పూట ఎండ ఎక్కకముందే పిండి కలిపి, గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, వత్తి పళ్ళెంలో పరిచాక మళ్ళీ అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

తర్వాత దాన్ని ఖాళీగానే కాల్చాలి. లోపల బటర్ పేపర్ పరిచి, అంచుల దాకా పాత శనగలో, రాజ్మానో పోసి 190 డిగ్రీల వద్ద ఇరవై నిమిషాలు ఉంచండి. పేపరు, గింజలు తీసేసి అడుగు బంగారు రంగు వచ్చేదాకా మరో పది, పదిహేను నిమిషాలు కాల్చండి. తెల్లగా ఉన్నప్పుడే తీసేస్తే వేడి నిమ్మ మిశ్రమం పడగానే అడుగు మెత్తబడిపోతుంది. ఆ గింజలు తిరిగి వండుకోవడానికి పనికిరావు, డబ్బాలో పోసి ఇదే పనికి దాచుకోండి.

గుడ్లు: అమెరికా పెద్ద గుడ్డు పెంకుతో 57 గ్రాములు ఉంటుంది. మనకు దొరికేవి చాలావరకు 45 నుంచి 55 గ్రాములే. కనుక నాలుగింటికి ఐదు తీసుకోండి. తూచుకుంటే పచ్చసొన 70 గ్రాములు, తెల్లసొన 120 గ్రాములు రావాలి. తెల్లసొన ఇంకా మిగిలితే పక్కన పెట్టండి.

నిమ్మ మిశ్రమానికి పంచదార 250, కార్న్‌ఫ్లోర్ 45 గ్రాములు, చిటికెడు ఉప్పు, నీళ్ళు 360 మిల్లీలీటర్లు, పైన గూడూరు మిత్రులు చెప్పిన అదనపు ఇరవై, చివర్లో వెన్న 30 గ్రాములు. కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లటి పిండి పదార్థమే, పసుపు మొక్కజొన్న పిండి కాదని కొత్తవారు గమనించాలి.

గోదారి_అత్తయ్య

మీ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. క్రస్ట్, నిమ్మ మిశ్రమం రెండూ నాకు కుదురుతున్నాయి కానీ, పైనున్న మెరాంగ్‌కు, కింది మిశ్రమానికి మధ్య గంటలోపే నీరు ఊరి, ముక్క కోస్తే నురగ టోపీలా జారిపోతోంది. మెరాంగ్ మీద తేనె రంగు చుక్కలు కూడా పడుతున్నాయి. రెండింటికీ కారణం ఒకటేనా, వేరువేరా? దయచేసి ఎవరైనా వివరించండి.

రసాయనం_మాస్టారు

అత్తయ్యగారూ, రెండూ నీటి చుక్కలే అయినా కారణాలు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం.

అడుగున ఊరే నీరు మెరాంగ్ కింది భాగం ఉడకకపోవడం వల్ల వస్తుంది. చల్లారిన మిశ్రమం మీద నురగ వేసి ఓవెన్‌లో పెడితే పైభాగం రంగు తిరిగేసరికి అడుగు భాగం ఇంకా పచ్చిగానే ఉంటుంది. పచ్చి నురగ నిలవదు, దానిలోని నీరు మెల్లగా కిందికి దిగుతుంది. పైన పడే తేనె చుక్కలు దీనికి భిన్నంగా మెరాంగ్ ఎక్కువ ఉడకడం వల్ల వస్తాయి. గుడ్డులోని మాంసకృత్తులు మరీ బిగుసుకుని తమలో పట్టి ఉంచిన నీటిని పిండేస్తాయి. ఒకే మెరాంగ్‌లో పైన అతిగా, కింద తక్కువగా ఉడకడం సర్వసాధారణం, ముఖ్యంగా పై కడ్డీ దగ్గరగా ఉండే చిన్న ఓవెన్లలో.

అందుకే నేను అన్నింటికంటే గట్టిగా చెప్పే నియమం ఒకటుంది: నిమ్మ మిశ్రమం పొగలు కక్కుతుండగానే మెరాంగ్ పడాలి. ఇది కుదరాలంటే పనుల వరుస ముందే నిర్ణయించుకోవాలి. క్రస్ట్ కాలి సిద్ధంగా ఉండాలి, ఓవెన్ వేడెక్కి ఉండాలి, మెరాంగ్ గిలక్కొట్టి పక్కన ఉండాలి, ఆఖరున మాత్రమే మిశ్రమం వండాలి. వేడి మిశ్రమం అడుగు నుంచి, ఓవెన్ వేడి పై నుంచి రెండువైపులా ఉడికిస్తే నీటికి అవకాశం తక్కువ. మిశ్రమం మీద పల్చగా బిస్కెట్ పొడి చల్లి ఆపైన మెరాంగ్ వేసే అలవాటు కొందరికి ఉంది, కొద్దిగా ఊరిన తడిని అది పీల్చుకుంటుంది.

మెరాంగ్‌ను ముందు అంచుల చుట్టూ వేసి, క్రస్ట్‌కు అంటుకునేలా చెంచాతో నొక్కి, తర్వాత మధ్యలో నింపండి. అంచు పట్టు లేకపోతే చల్లారేటప్పుడు మెరాంగ్ ముడుచుకుని లోపలికి జరుగుతుంది.

హైదరాబాద్_బేకర్

మాస్టారు చెప్పినదానికి నేను మరొకటి చేరుస్తాను. ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్‌ను 80 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, చిన్న మంట మీద అది పారదర్శకమైన గంజిలా అయ్యేవరకు ఉడికించి చల్లార్చండి. తెల్లసొన, పంచదార గిలక్కొట్టడం దాదాపు పూర్తయినప్పుడు ఆ గంజిని చెంచా చెంచాగా కలపండి. ఇది మాంసకృత్తులు మరీ బిగుసుకోకుండా అడ్డుపడుతుంది కనుక పైచుక్కలు తగ్గుతాయి, కత్తికి అంటుకోకుండా ముక్క కూడా శుభ్రంగా కోయవచ్చు.

తెల్లసొన 120 గ్రాములకు పంచదార 150 గ్రాములు వేయండి. మన పంచదార పలుకు పెద్దది, తెల్లసొనలో కరగడానికి చాలాసేపు పడుతుంది. కరగని పలుకు తర్వాత నీరు లాగి చుక్కగా బయటపడుతుంది. మిక్సీలో ఒకసారి తిప్పి వాడండి. నురగ కొద్దిగా తీసి రెండు వేళ్ళ మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. క్రీమ్ ఆఫ్ టార్టార్ (నురగను నిలబెట్టే పుల్లటి పొడి) దొరికితే పావు చెంచా, లేకపోతే అర చెంచా నిమ్మరసం. గిన్నెకు నూనె జిడ్డుగానీ, తెల్లసొనలో పచ్చసొన చుక్కగానీ ఉంటే నురగ లేవదు. ప్లాస్టిక్ గిన్నె ఎంత కడిగినా జిడ్డు వదలదు కనుక స్టీలు గిన్నెను నిమ్మచెక్కతో తుడిచి వాడండి. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీయగానే సొనలు వేరుచేయడం సులువు, కానీ గిలక్కొట్టే ముందు తెల్లసొనను అరగంట బయట ఉంచితే నురగ ఎక్కువ వస్తుంది.

ఓటీజీలో గ్రిల్ మీట వేయవద్దు. కింద, పైన రెండు కడ్డీలూ వెలిగే అమరికలో 165 డిగ్రీల వద్ద, పళ్ళెం కింది అరలో పెట్టి, పద్దెనిమిది నుంచి ఇరవై నిమిషాలు. మీ ఓటీజీ మీట చూపించే వేడి, లోపలి నిజమైన వేడి ఒకటే కావు. లోపల పెట్టే చిన్న ఓవెన్ థర్మామీటర్ కొనుక్కోవడం మంచిది.

ఫిలడెల్ఫియా_వదిన

నేను ఫిలడెల్ఫియాలోనే ఉంటున్నాను కనుక ఈ వంటకం పుట్టుక గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. పందొమ్మిదవ శతాబ్దం మొదట్లో ఎలిజబెత్ గుడ్‌ఫెలో అనే ఆమె ఇక్కడ మిఠాయి దుకాణంతోపాటు వంట పాఠశాల కూడా నడిపింది. పచ్చసొనలు ఎక్కువగా పట్టే లెమన్ పుడ్డింగ్ ఆమె ప్రత్యేకత. లెమన్ మెరాంగ్ పై కు మూలం ఆమె వంటగదేనని చాలామంది చెబుతారు. పచ్చసొనలు లోపల, తెల్లసొనలు పైన, ఏదీ వృథా కాని ఆ పొదుపు నాకు ఎంతో నచ్చుతుంది.

అమెరికాలో ఉన్న మన సభ్యులకు రెండు సూచనలు. డబ్బాలో అమ్మే పాశ్చరైజ్ చేసిన తెల్లసొన సరిగా నురగ లేవదు, దీనికి మాత్రం గుడ్లు పగలగొట్టుకోవడమే మంచిది. మేయర్ లెమన్ వాసనకు బాగుంటుంది కానీ పులుపు తక్కువ, దానితో చేస్తే పంచదార తగ్గించాలి.

నాకు మాత్రం పైన చెప్పిన పచ్చి మెరాంగ్ పద్ధతికంటే స్విస్ పద్ధతి మీద నమ్మకం. తెల్లసొన, పంచదార కలిపిన గిన్నెను మరుగుతున్న నీళ్ళ గిన్నె మీద పెట్టి, ఆవిరి మాత్రమే తగిలేలా, తిప్పుతూ 71 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, దించి, అప్పుడు గిలక్కొట్టాలి. పచ్చి గుడ్డులో ఉండగల సాల్మొనెల్లా అనే రోగకారక బ్యాక్టీరియా భయం ఉండదు, గర్భిణులు, పిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. నురగ ముందే ఉడికి ఉంటుంది కనుక అడుగున నీరు ఊరడమూ చాలావరకు తగ్గుతుంది. ఓవెన్‌లో పైన రంగు వస్తే చాలు.

గోదారి_అత్తయ్య

వదినగారూ, థర్మామీటర్ లేని మాలాంటివారికి ఇటాలియన్ పద్ధతే దగ్గరగా ఉంటుందేమో. పంచదార పాకం పట్టి, గిలక్కొడుతున్న తెల్లసొనలో సన్నటి ధారగా పోయడమే కదా అది. 115 నుంచి 118 డిగ్రీల పాకం అంటున్నారు. పళ్ళెంలోని చన్నీళ్ళలో వేస్తే చెదిరిపోకుండా, వేళ్ళతో కూడదీస్తే మెత్తటి ఉండ అయ్యే పాకం, అంటే మనం అరిసెలకు పట్టే పాకమే అనుకుంటాను. సంక్రాంతికి ఏటా పాకం పట్టే చేతులకు అది కొత్త పని కాదు.

ఫిలడెల్ఫియా_వదిన

సరిగ్గా చెప్పారండీ, ఆ ఉండపాకమే. తీగపాకం దగ్గర ఆగితే నురగ వదులుగా ఉంటుంది, పాకం మరీ ముదిరితే గిన్నె అంచునే గడ్డకడుతుంది. తెల్లసొన మెత్తటి శిఖరాలు నిలిచే దశకు వచ్చాక, బీటర్ ముళ్ళకు తగలకుండా గిన్నె గోడ వెంబడి ధార పోయాలి. ముళ్ళకు తగిలితే పాకం చింది గోడలకు అంటుకుపోతుంది. గిన్నె తాకితే గోరువెచ్చగా అయ్యేదాకా గిలక్కొట్టడం ఆపవద్దు. మూడు పద్ధతులలో ఎక్కువసేపు నిలిచేది ఇదే. విశాఖ తేమకు నేనైతే దీనినే ఎంచుకుంటాను. అయితే పాకం పోసినంత మాత్రాన తెల్లసొన అంతా 71 డిగ్రీలకు చేరుతుందని చెప్పలేము కనుక, చిన్నపిల్లలకు పెట్టేటప్పుడు ఓవెన్‌లో పెట్టే సమయం తగ్గించకండి.

అనంత_చీనీతోట

మా జిల్లాలో చీనీ కాయలకు కొదవ లేదు. నిమ్మకు బదులు చీనీ రసంతో, లేదా దబ్బకాయ రసంతో చేయవచ్చా?

గూడూరు_నిమ్మతోట

చీనీ రసం ఒక్కటే అయితే వద్దండీ. కోస్తాలో మేము బత్తాయి అనే ఆ కాయలో ఆమ్లం చాలా తక్కువ. మెరాంగ్ తీపికి ఎదురు నిలిచే పులుపు లేకపోతే అంతా పంచదార రుచే మిగులుతుంది. పైగా ఆ రసం పిండి నిలవ ఉంచినా, వేడిచేసినా లిమోనిన్ అనే పదార్థం వల్ల చేదు తేలుతుంది. నీళ్ళకు బదులు సగం చీనీ రసం, పులుపుకు నిమ్మరసం అలాగే ఉంచి, పిండిన వెంటనే వాడితే మంచి వాసన వస్తుంది. దబ్బకాయ పులిహోరకు ఎంత బాగుంటుందో దీనికీ అంత బాగుంటుంది, కానీ పులుపు కాయకూ కాయకూ మారుతుంది కనుక రుచి చూసి నిమ్మరసంతో సరిచేయండి. దాని తొక్క మాత్రం తురమకండి, చేదు.

శాకాహార_వంటగది

గుడ్డు తినని అతిథుల గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను రాస్తున్నాను. కాబూలీ శనగలు ఉడికించిన నీరు తెల్లసొనలా నురగ లేస్తుందని 2014లో ఫ్రాన్సుకు చెందిన జోయెల్ రోసెల్ అనే గాయకుడు గుర్తించాడు. దానికి ఆక్వాఫాబా అనే పేరు ఆ మరుసటి ఏడు వచ్చింది. రాత్రంతా నానబెట్టిన శనగలను ఆ నీరు వంపేసి, కొత్త నీరు మునిగేంత మాత్రమే పోసి, ఉప్పు వేయకుండా కుక్కర్‌లో ఉడికించండి. వడకట్టిన నీటిని జిగటగా, తెల్లసొన చిక్కదనం వచ్చేదాకా మరిగించి, ఫ్రిజ్‌లో బాగా చల్లార్చండి. రెండు పెద్ద చెంచాలు ఒక తెల్లసొనకు సమానం. క్రీమ్ ఆఫ్ టార్టార్ వేసి హ్యాండ్ బీటర్‌తో పది నిమిషాల దాకా ఓపికగా గిలక్కొట్టి, పంచదార పొడి కొద్దికొద్దిగా కలపాలి. చల్లారాక శనగ వాసన దాదాపుగా తెలియదు, వెనిలా వేస్తే అసలే తెలియదు.

అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. గుడ్డు వేడికి గట్టిపడుతుంది, ఈ నురగ గట్టిపడదు. 165 డిగ్రీల ఓవెన్‌లో పెడితే కరిగి కూర్చుంటుంది. వేడి మిశ్రమం మీద వేసినా అంతే. కనుక కింది భాగం పూర్తిగా చల్లారి గట్టిపడ్డాక, వడ్డించే ముందు నురగ వేసి, బ్లో టార్చ్ (చేత పట్టుకునే మంట పరికరం)తో పైపైన రంగు తెప్పించాలి. కింది భాగానికి ఫ్లోరిడా మిత్రులు చెప్పిన కండెన్స్‌డ్ మిల్క్, నిమ్మరసం మిశ్రమమే పచ్చసొన లేకుండా వాడవచ్చు, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే కోయగలిగేంత గట్టిపడుతుంది. ఇంకా గట్టిగా కావాలంటే రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్‌ను పాలలో ఉడికించి, చల్లార్చి కలపండి. రంగుకు చిటికెడులో సగం పసుపు చాలు. చైనా గ్రాస్ వాడేవారు దాన్ని నీటిలో విడిగా మరిగించి, దించాకే నిమ్మరసం కలపాలి, రసంతో కలిపి మరిగిస్తే గడ్డకట్టదు. బిస్కెట్ క్రస్ట్ వేసేవారు బిస్కెట్ పొట్లం మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసుకోవాలి.

విశాఖ_వంటిల్లు

మీ అందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇటాలియన్ మెరాంగ్‌తో పెద్దది, శనగనీటి నురగతో చిన్నది చేయాలని నిశ్చయించుకున్నాను. ఇంక రెండే సందేహాలు మిగిలాయి. సాయంత్రం ఆరు గంటలకు వడ్డించాలంటే ఎన్నింటికి మొదలుపెట్టాలి? పెద్దదానిని ఫ్రిజ్‌లో పెట్టాలా, బయట ఉంచాలా?

హైదరాబాద్_బేకర్

అక్కా, పిండి ముందురోజు రాత్రే కలిపి, వత్తి, పళ్ళెంలో పరిచి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. చిన్నదాని కండెన్స్‌డ్ మిల్క్ మిశ్రమం కూడా ఆ రాత్రే పోసి పెట్టండి. శనగనీరు కూడా అప్పుడే సిద్ధం. పుట్టినరోజు ఉదయం పది గంటలకల్లా క్రస్ట్ కాల్చడం ముగించి, పదకొండుకు పాకం, మెరాంగ్, ఆ వెంటనే నిమ్మ మిశ్రమం మొదలుపెడితే పన్నెండున్నరకు పెద్దది ఓవెన్ నుంచి బయటికి వస్తుంది. ఫ్యాను గాలి సూటిగా తగలని చోట, వీలైతే ఏసీ గదిలో, జాలీ మీద గంటసేపు చల్లారనివ్వండి. వేడిగా ఫ్రిజ్‌లో పెడితే ఆవిరి మెరాంగ్ మీదే నీరవుతుంది.

మామూలుగా ఫ్రిజ్ మెరాంగ్‌కు మంచిది కాదు, కానీ గుడ్డుతో చేసిన మిశ్రమాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంట మాత్రమే. ఆగస్టులో మీ ఊరికి రెండో లెక్కే వర్తిస్తుంది. కనుక ఒకటిన్నరకు మూత పెట్టకుండా ఫ్రిజ్‌లోకి మార్చండి. పక్కన ఉల్లిపాయలు, చేపలు లేకుండా చూసుకోండి, మెరాంగ్ వాసనలను ఇట్టే పట్టేస్తుంది. ఆరు గంటలకు నిమ్మ మిశ్రమం గట్టిగా కోతకు నిలుస్తుంది.

కోసేటప్పుడు సన్నటి పొడవాటి కత్తిని వేడినీళ్ళలో ముంచి, తుడవకుండా తడిగానే దించండి. ప్రతి ముక్కకూ మళ్ళీ ముంచాలి. మొదటి ముక్క ఎప్పుడూ కొంచెం చెదురుతుంది కనుక పక్కన మరో కోత కూడా వేశాకే గరిటె కిందికి పోనిచ్చి తీయండి. మిగిలితే మర్నాడు మధ్యాహ్నంలోపు తినేయండి, అంతకు మించి మెరాంగ్ నిలవదు.

రసాయనం_మాస్టారు

బేకర్ గారి కాలపట్టికలో ఒక్క సవరణ. అమ్మా, పాకం పొయ్యి మీద ఉండగానే పక్క పొయ్యి మీద పంచదార, కార్న్‌ఫ్లోర్, నీళ్ళ మిశ్రమం ఉడకడం మొదలుపెట్టడానికి ఎవరినైనా తోడు పిలవండి. ఇటాలియన్ మెరాంగ్ గోరువెచ్చగా అయ్యేదాకా బీటర్ ఆపకూడదు, నిమ్మ మిశ్రమంలో గరిటె ఆపకూడదు, ఈ రెండూ ఒక్క మనిషి చేతులకు కుదిరేవి కావు. పచ్చసొన కలిపేటప్పుడు ముందుగా వేడి మిశ్రమం నాలుగైదు గరిటెలు పచ్చసొనలో పోసి కలిపి, ఆ తర్వాతే దాన్ని గిన్నెలోకి వంచాలని ఆ తోడు ఉన్నవారికి ముందే చెప్పి ఉంచండి.